పిల్లల చీమల పెట్టె: ఏది కొనాలి, ఏది దండగ

పిల్లలకు ప్రకృతి పాఠాలు నేర్పుతాయంటూ ఆన్‌లైన్‌లో అమ్మే చీమల పెట్టెలు మూడు రకాలు. నీలం జెల్ నింపిన సన్నటి పెట్టె ఒకటి. రెండు ప్లాస్టిక్ పలకల మధ్య మనమే ఇసుక పోసుకునేది రెండోది. గదులూ దారులూ ముందే చెక్కి, పక్కన మేతకు ఒక ఖాళీ అర ఇచ్చిన ఆక్రిలిక్ గూడు మూడోది. ఈ మూడో రకంలోనే గూటి అడుగున ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసినవీ ఉంటాయి. దేని మీద చూసినా రాతలు మాత్రం దాదాపు ఒకటే: క్రమశిక్షణ, కష్టపడే గుణం, ఐకమత్యం, పొదుపు.

ముందే చెప్పేస్తే, జెల్ పెట్టె కొనకండి. ఇసుకది నెల రోజుల ముచ్చట. మూడోది కొనొచ్చు, కానీ పార్సిల్ వచ్చిన రోజే అందులో చీమల్ని వేస్తే ఆ డబ్బూ వృథానే. ఇక పెట్టె మీద రాసిన పాఠాల సంగతి. ఓపికగా చూస్తే లోపల కనబడేవి వేరే. కొన్నయితే అట్ట మీది రాతలకు పూర్తిగా ఎదురు.

జెల్ పెట్టె చూపులకు బాగుంటుంది, కింద చిన్న లైటు పెడితే మరీను. అంతరిక్షానికి చీమల్ని పంపే ప్రయోగం కోసం చేసిన జెల్ నుంచి ఈ బొమ్మ ఆలోచన వచ్చింది. 2003లో కొలంబియా వ్యోమనౌకలో అమెరికాలోని సిరక్యూస్ హైస్కూలు పిల్లల చీమల ప్రయోగం ఒకటి వెళ్లింది. మట్టి, నీళ్లు, తిండి మూడూ ఒకే పదార్థంలో ఉంటే కొద్దిరోజుల ప్రయాణానికి సుఖమే. ఇంట్లో నెలల తరబడి పెంచడానికి అదే జెల్ పనికిరాదు. అందులో తీపి ఉంటుంది, మాంసకృత్తులు ఉండవు. మాంసకృత్తులు లేకపోతే లార్వాలు (గుడ్డు నుంచి వచ్చే పిల్లపురుగులు) ఎదగవు, కాబట్టి రాణిని పెట్టి లాభం లేదు. రాణి లేని పెట్టెలో కొత్త చీమ పుట్టదు. జెల్ ఎప్పుడూ తడిగానే ఉంటుంది కనుక చీమకు పొడి మూల దొరకదు, చచ్చినవాటిని దూరంగా పడేయడానికి చోటూ దొరకదు. మొదటి వారం పదిరోజులు సొరంగాలు తవ్వుతాయి, పిల్లలు చప్పట్లు కొడతారు. తర్వాత చచ్చిన చీమల మీద తెల్లటి బూజు పట్టి జెల్ లోపలికి పాకుతుంది. మూత రోజూ తీసి గాలి ఆడనివ్వడం, కళేబరాలను చిమటాతో ఏరేయడం చేస్తే ఈ అంకం కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. పిల్లవాడు చివరికి చూసేది ఒక్కొక్కటే చావడం. ఐకమత్యం అని పేరు పెట్టి ఇది అమ్మడం అన్యాయం.

ఇసుక పెట్టెకు చరిత్ర ఉంది. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ ఫ్రాంక్ ఆస్టిన్ 1931లోనే చీమల ఇంటికి పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని ఇంటింటి బొమ్మగా మార్చింది మిల్టన్ లెవిన్, 1956లో. రెండు పారదర్శక పలకలు, మధ్యలో ఇసుక, పెట్టెతోపాటు ఒక కూపన్. ఆ కూపన్ పంపితే చీమలు పోస్టులో వచ్చేవి. రాణిని మాత్రం పంపేవారు కాదు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి రాణిచీమను పంపాలంటే అక్కడ అనుమతి కావాలి. ఇప్పుడు మన దగ్గర దొరికేవి ఆ బొమ్మకు పిల్లలే. లోపం కూడా అక్కడి నుంచి వచ్చిందే: అందరూ పనివాళ్లే, సంసారం లేదు.

అయినా తవ్వకం చూడాలంటే దీన్ని మించింది లేదు. పెట్టెతో వచ్చే తెల్ల ఇసుకను అలాగే పోయకండి. పొడిగా పోస్తే సొరంగం నిలవదు, కూలితే చీమలు అందులోనే సమాధి. ఐదు పాళ్లు సన్న ఇసుకకు ఒక పాలు జల్లించిన బంకమట్టి కలిపి, పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలిచేంత తడి చేసి, పెట్టెలో మూడు వంతులకు మించకుండా నింపండి. పెన్సిలుతో అంచు వెంబడి బొటనవేలి లోతు గుంటలు రెండు పొడిస్తే తవ్వకం అక్కడే మొదలవుతుంది, బయటికి కనిపించేలా సాగుతుంది. పాతిక, ముప్పై చీమలు చాలు. అవన్నీ ఒకే గూటివి కావాలి. రెండు గూళ్లవి కలిపితే మర్నాటికి సగం కాళ్లూ మీసాలూ తెగి పడుంటాయి. చీమల కోసం పుట్ట తవ్వకండి. చీమలు పెట్టిన పుట్టలని సామెతలో అంటాం గానీ, పొలం గట్టున నిలువెత్తు పుట్ట పెట్టేది చెదపురుగు. పైగా అందులో తేలూ పామూ ఉంటే అదో గోల. ఇటుకో, పూలకుండీయో ఎత్తితే కింద దొరికేవి చాలు.

ఇసుక పెట్టెలో ఒక విషయం గమనించమని పిల్లలకు చెప్పండి: తవ్వేవి ఎన్ని, ఊరికే నిలబడేవి ఎన్ని? అట్లాంటాలోని జార్జియా టెక్ పరిశోధకులు నిప్పుచీమల మీద చేసిన పని 2018లో వచ్చింది. సుమారు 30 శాతం చీమలే 70 శాతం తవ్వకం చేస్తున్నాయని అందులో తేలింది. సన్నటి సొరంగంలో అందరూ ఒకేసారి దూరితే దారి మూసుకుపోతుంది. ఖాళీ లేనప్పుడు వెనక్కి తిరిగి వచ్చేసేవి, అసలు లోపలికే వెళ్లనివి ఉండబట్టే పని సాగుతోంది. ఆఫీసులో పనిలేకపోయినా హడావిడి చేసేవాళ్లకు ఈ పెట్టె ఒకటి బహుమతిగా ఇవ్వొచ్చు.

ఇక అసలు సరుకు, ఆక్రిలిక్ గూడు. ఇందులో మంచివీ నాసివీ పక్కపక్కనే ఉంటాయి, ఫొటోలో తేడా తెలియదు. కొనే ముందు చూడాల్సింది నాలుగు చోట్ల. మొదటిది గాలి జాలీ. చిన్న చీమలకు అర మిల్లీమీటరు సందు కూడా రాచబాట, అందుకే గుచ్చిన రంధ్రాలు కాకుండా సన్నటి స్టీలు జాలీ ఉన్నది తీసుకోండి. రెండోది మూత. అయస్కాంతాలతో అంటుకునే మూత వంకర లేకుండా కూర్చోవాలి. పల్చటి ఆక్రిలిక్ మన ఎండలకు విల్లులా వంగుతుంది, మధ్యలో సందు పడుతుంది. మూడోది నీళ్ల అర. గూటిని తెరవకుండా బయటి నుంచి సిరంజితో నీళ్లు పోయగలిగేలా ఉండాలి, స్పాంజికీ గదికీ మధ్య జాలీ ఉండాలి. లేకపోతే స్పాంజిని పీకి ముక్కలు చేస్తాయి, పోసిన నీళ్లు గదుల్లోకి వస్తాయి. నాలుగోది గదుల ఎత్తు. మన గండుచీమకు సెంటీమీటరు ఎత్తుంటే చాలు. రెండేసి సెంటీమీటర్ల లోతు గదులు చూడ్డానికి ఘనంగా ఉన్నా చీమకు భయం, మనకు ఫోకస్ కుదరదు.

ఆక్రిలిక్ మాత్రమే ఉన్నదాని కంటే అడుగున ప్లాస్టర్ ఆఫ్ పారిస్ (పీఓపీ) పోసినది మేలు. ఆక్రిలిక్ తేమను పీల్చదు, తెల్లారేసరికి మూత నిండా ఆవిరి చుక్కలు పట్టి ఏమీ కనబడదు. పీఓపీ నీళ్లు పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది, తడిసిన చోట రంగు ముదురుతుంది కాబట్టి ఎంత తడి ఉందో కంటితోనే తెలుస్తుంది. సిరంజితో ముందు రెండు మిల్లీలీటర్లు పోసి పది నిమిషాలు ఆగండి. గూట్లో మూడో వంతు ముదురు రంగుకు వస్తే చాలు, మిగతాది పొడిగానే ఉండాలి. గుడ్లనూ లార్వాలనూ తడి వైపు, ప్యూపాలను (లార్వా తర్వాతి పట్టుగూటి దశ) పొడి వైపు అవే మార్చుకుంటాయి. అంతా తడిపేస్తే ఆ ఎంపిక పోతుంది, బూజు వస్తుంది. పీఓపీలో ఒక లోపం ఉంది: బలమైన దవడలున్న జాతులు ఏడాదిలో దాన్ని కొరికి కొత్త దారి తీస్తాయి. రెండేళ్లకోసారి గూడు మార్చాల్సి వస్తుందని అనుకునే కొనండి.

పెట్టెతోపాటు వచ్చే భూతద్దం మూత దేనికీ కొరగాదు, రెండింతలు పెద్దదిగా చూపిస్తే గొప్ప. గడియారాలు బాగుచేసేవాళ్లు, నగల షాపులవాళ్లు వాడే పదింతల లెన్సు విడిగా కొనుక్కోండి.

గూడు ఎంత మంచిదైనా అందులో రాణి లేకపోతే అది ఇసుక పెట్టెకు అన్నగారే. తెలుగు ప్రాంతాల్లో కొత్తవాళ్లకు అనువైనది పెద్ద నల్ల గండుచీమ, శాస్త్రీయ నామం కాంపోనోటస్ కంప్రెసస్. పెద్దది కాబట్టి సందుల్లోంచి పారిపోదు, కంటికి బాగా ఆనుతుంది. దీనికి కొండి లేదు, అందుకే కుట్టదు. కొరుకుతుంది, కొరికిన చోట ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది, కాసేపు చురుక్కుమంటుంది. బంగారు పుట్టలో వేలు పెడితే అది కూడా చేయకపోతే ఎలా. ఎర్రగా ఉండి కుట్టే నిప్పుచీమలను, వంటింట్లో తిరిగే గసగసాలంత చీమలను మాత్రం ఈ పెట్టెల్లో పెట్టకండి. మొదటివి ప్రమాదం, రెండోవి జాలీలోంచే నడిచిపోతాయి. మామిడిచెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలకు చెట్టే కావాలి.

వానలు మొదలయ్యాక ఉక్కపోతగా ఉన్న సాయంత్రాల్లో రెక్కల చీమలు ఎగిరి జతకడతాయి. ఆ తర్వాత రాణి రెక్కలు తానే రాల్చేసుకుని, నేల మీద ఒంటరిగా చోటు వెతుక్కుంటూ తిరుగుతుంది. మామూలు చీమ కంటే ఛాతీ భాగం బాగా ఉబ్బెత్తుగా ఉండి, దాని మీద రెక్కలు ఊడిన మచ్చలుంటే అది రాణి. రెక్కలున్నది దొరికితే ఆగండి, జత కట్టిందో లేదో తెలియదు. గూడు తవ్వి రాణిని తీయడం మాత్రం వద్దు, ఆ గూడంతా నాశనం.

రాణి దొరికిన రోజు కావాల్సింది పెట్టె కాదు, టెస్ట్ ట్యూబ్. 16 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గాజుది తీసుకోండి. మూడో వంతు నీళ్లు పోసి, దూది ఉండను పుల్లతో నెమ్మదిగా నెట్టి, నీటికి ఆనేదాకా దించండి. దూది తడవాలి, నీళ్లు కారకూడదు. ట్యూబు బోర్లించి చూస్తే చుక్క పడకూడదు. వదులుగా ఉంటే రాత్రికి రాత్రే వరద, మరీ గట్టిగా కుక్కితే తేమ అందదు. రాణిని లోపలికి పంపి, మూతి దగ్గర పొడి దూది వదులుగా పెట్టండి. ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టి, కుదుపులు లేని అల్మారాలో పడుకోబెట్టండి. చీమలకు ఎరుపు సరిగా కనబడదు, మనకు మాత్రం కాగితంలోంచి కనబడతాయి. ఫ్రిజ్ మీద వెచ్చగా ఉంటుందని కొందరు అక్కడ పెడతారు. మోటారు అదురు రాణికి తెలుస్తుంది, బెదిరి గుడ్లు తినేస్తుంది.

ఆ తర్వాత చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడం. పిల్లలకూ, పెద్దలకూ కష్టమైన ఘట్టం ఇదే. గండుచీమ రాణి మొదటి పిల్లలు వచ్చేదాకా తిండి తినదు. పనికిరాని రెక్కల కండరాలను, ఒంట్లో కొవ్వును కరిగించుకుని, ఆ సారంతోనే లార్వాలను మేపుతుంది. జాలిపడి తేనె చుక్క పెడితే మేలు కంటే బూజే ఎక్కువ. వారానికి ఒక్కసారి, ఒక్క నిమిషం చూడండి. ముందు తెల్లటి గుడ్ల కుప్ప, తర్వాత వంకర తిరిగిన లార్వాలు, ఆ పైన లేత గోధుమరంగు పట్టుగూళ్లు కనిపిస్తాయి. చీమగుడ్లని చాలామంది అనుకునేవి ఈ పట్టుగూళ్లే. దాని ఒక కొసన నల్లటి చుక్క ఉంటుంది, లార్వాగా ఉన్నన్నాళ్లూ దాచుకున్న మలమంతా గూడు అల్లుకున్నాక ఒకేసారి వదిలితే అలా మిగిలింది. పుట్టబోయే చీమ దానంతట అది గూడు చీల్చుకోలేదు, బయటినుంచి ఒకరు కొరికి తీయాలి. మొదటి కాన్పులో ఆ మంత్రసాని పని రాణిదే. లేత రంగులో, ముడతలు పడ్డ కాళ్లతో బయటికొచ్చిన పిల్ల గట్టిపడి నల్లబడడానికి కొన్ని రోజులు పడుతుంది. మన వాతావరణంలో గుడ్డు నుంచి ఇక్కడికి రావడానికి నెలన్నర, రెండు నెలలు అనుకోండి. మొదటి విడత చీమలు మామూలు కంటే చిన్నవి. తల్లి కడుపు మాడ్చుకుని పెంచిన పిల్లలు అంతకు మించి ఎదగవు.

పాతిక, ముప్పై మంది అయ్యేదాకా ట్యూబులోనే ఉంచండి, దీనికి నాలుగైదు నెలలైనా పట్టొచ్చు. ఆక్రిలిక్ గూటి మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే పుడతాయి. పది చీమల్ని ఇరవై గదుల గూట్లో వేస్తే రెండు గదులు వాడుకుంటాయి, మిగతావి చెత్తకుప్పలు. చెత్త ఉన్నచోట బూజు, బూజు ఉన్నచోట పురుగు. తరలించేటప్పుడు దులిపి పోయకండి. ట్యూబు మూతి దూది తీసి, మేత అరలో పడుకోబెట్టి, గూటి వైపు చీకటి చేసి, ట్యూబు మీది ఎర్ర కాగితం తీసేయండి. వెలుతురు నచ్చక అవే మారతాయి. ఒక్క రాత్రిలో కావచ్చు, మూడు వారాలు పట్టొచ్చు. మారకపోతే ట్యూబు అలాగే ఉండనివ్వండి, వాటికి అదే బాగుందన్నమాట.

మేత సులువు. ఒక పాలు పంచదార, మూడు పాళ్ల నీళ్లు. దాన్ని చుక్కగా పోయకుండా దూదికి పట్టించి సీసా మూతలో పెట్టండి, చుక్కలో మునిగి చస్తాయి. తేనె అయితే నీళ్లు కలిపి పలచన చేయండి. వారానికి రెండుసార్లు మాంసం: ఇరవై చీమలకు ఒక బొద్దింక కాలు, వంద దాటాక చిన్న బొద్దింకలో సగం. బొద్దింకను ఫ్రీజర్‌లో పెట్టి చంపి, వేడినీళ్లలో ముంచి తీసి కోయండి. స్ప్రే కొట్టి చంపినదాన్ని పెడితే ఆ రాత్రికే గూడు ఖాళీ. మిగిలిన ముక్కను మర్నాడు తీసేయండి. ఎదిగిన చీమలు గట్టి పదార్థం తినలేవు, ద్రవమే తాగుతాయి. మాంసం నమిలి అరిగించేది లార్వాలు. ఇంట్లో అందరికంటే పనికిరాని వాళ్లలా పడుండే పసివాళ్లే వంటవాళ్లు. సంక్రాంతికి ఊరెళ్తే పది రోజులకు బెంగ అక్కర్లేదు, నీళ్ల ట్యూబు ఒకటి, పంచదార నీళ్ల ట్యూబు ఒకటి మేత అరలో పెట్టి వెళ్లండి.

పారిపోకుండా ఉండడానికి పెట్టెతో వచ్చే జిగురు సీసాలను నమ్మకండి. టాల్కం పౌడరును స్పిరిట్‌లో కలిపి గోడల పైభాగాన పూయమని వీడియోల్లో చెబుతారు. గాజుకు, మామూలు ప్లాస్టిక్ డబ్బాకు అది బాగానే పనిచేస్తుంది. లేజర్‌తో కోసిన ఆక్రిలిక్‌కు స్పిరిట్ తగిలితే కోసిన అంచుల నుంచి సన్నటి పగుళ్లు పాకుతాయి. అదీగాక విశాఖ, కాకినాడ వంటి చోట్ల గాలిలో తేమకు పౌడరు రాలిపోతుంది. కొబ్బరినూనె పూస్తే చలికాలం గడ్డకడుతుంది, ఎండాకాలం కారుతుంది. అన్నిటికంటే నమ్మకమైనది మన వంటింటి ఉపాయమే: పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టు పెట్టెను నీళ్ల ట్రేలో పెట్టి, రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు వేయండి. ఇది రెండువైపులా కాపలా. లోపలి చీమ బయటికి పోవడం కంటే, బయటి చిన్న ఎర్రచీమలు పంచదార వాసనకు వచ్చి లోపలివాటిని చంపడమే మన ఇళ్లలో ఎక్కువ జరుగుతుంది.

పెట్టె ఉన్న గదిలో లక్ష్మణరేఖ గీయకండి. దోమల కాయిల్, ప్లగ్గుకు పెట్టే లిక్విడ్ కూడా కీటకాల మందులే, రాత్రంతా తలుపులేసి వాడే పడకగదిలో ఈ పెట్టెకు చోటు లేదు. ఎండ తగిలే కిటికీ దగ్గర మే నెలలో గంటసేపు పెడితే లోపల అంతా ఉడికిపోతుంది. 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండే నీడపట్టు అల్మారా సరైన చోటు.

ఇప్పుడు అట్ట మీది ఆ పాఠాలు. పొదుపు మాటకొస్తే, గండుచీమ గింజలు దాచదు. మేత అరలో ఒక చీమ పంచదార దూది దగ్గర ఆగినప్పుడు లెన్సు పెట్టి చూడండి. మీసాలు కదలవు, రెండు మూడు నిమిషాలు అలాగే తాగుతుంది. పొట్ట ఉబ్బేకొద్దీ నల్లటి పలకలు ఒకదాన్నుంచి ఒకటి జరిగి, మధ్యలో లేత చారలు బయటపడతాయి. గూట్లోకి వెళ్లగానే ఎదురొచ్చిన చీమ దీని ముఖం మీద మీసాలతో టకటకా తడుతుంది, ఇది దవడలు తెరిచి చుక్కను నోటిదగ్గరికి తెస్తుంది. రెండూ నోరూ నోరూ ఆనించి నిలబడతాయి. కడుపులో రెండు సంచులున్నాయి, ముందున్న పెద్దది ఊరందరిదీ, వెనకున్న చిన్నది తనది. పంచదార నీళ్లలో మిఠాయి రంగు చుక్క కలిపితే, మర్నాటికి దూది దగ్గరికి ఎప్పుడూ రాని చీమల చారల్లోనూ ఆ రంగు ఛాయ కనిపిస్తుంది. ఈ ఒక్క ప్రయోగానికే పెట్టె ఖరీదు గిట్టుబాటు.

కష్టపడే గుణం సంగతి కొంచెం తికమక. రోజూ ఒకే సమయానికి ఎర్రకాగితంలోంచి ఫొటో తీసి, మేత అరలో ఉన్నవి, లార్వాల దగ్గర ఉన్నవి, ఊరికే నిలబడ్డవి ఎన్నో పిల్లలను రాయమనండి. పదిరోజుల కాగితం చూస్తే మూడో గడి బరువు తెలుస్తుంది. అరిజోనా విశ్వవిద్యాలయంలో డానియెల్ షార్బనో, ఆనా డోర్న్‌హాస్ టెమ్నోథొరాక్స్ రుగాటులస్ అనే చిన్నచీమ గూళ్లను గమనిస్తే దాదాపు 40 శాతం చీమలు ఎక్కువసేపు ఏ పనీ చేయకుండానే ఉన్నాయి. 2017లో వాళ్లు ప్రచురించిన ప్రయోగం ఇంకా సరదా. బాగా పనిచేసే 20 శాతాన్ని తీసేస్తే వారంలోపే ఊరికే కూర్చున్నవాటిలో కొన్ని ఆ పనిలోకి దిగాయి. సోమరులను తీసేస్తే మాత్రం వాళ్ల స్థానంలో కొత్త సోమరులు తయారు కాలేదు. అంటే వాళ్లది రిజర్వు పటాలం. ఈ సంగతి చెప్పి హోంవర్కు ఎగ్గొట్టే పిల్లలుంటే బాధ్యత మాది కాదు.

క్రమశిక్షణ అంటే ఎవరో చెబితే వినడం అనుకుంటే అది ఈ పెట్టెలో లేదు. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు గానీ, గూట్లో ఆజ్ఞాపించేవాళ్లు లేరు. రాణి గుడ్లు పెడుతుంది, ఎవరికీ పని పురమాయించదు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రవేత్త డెబొరా గోర్డన్ గింజలు ఏరే చీమలను గమనించి, గూటి నుంచి బయల్దేరే వేగం, గింజతో తిరిగొచ్చే చీమలు ఎంత త్వరత్వరగా ఎదురవుతున్నాయన్న దాన్ని బట్టి ఉంటుందని చూపింది. తిరిగొచ్చేవి తగ్గితే బయల్దేరేవీ తగ్గుతాయి. 2012లో అక్కడే కంప్యూటర్ శాస్త్రవేత్త బాలాజీ ప్రభాకర్ ఆమెతో కలిసి చూస్తే, ఇంటర్నెట్‌లో డేటా రద్దీని అదుపుచేసే పద్ధతీ ఇదే లెక్కలో ఉంది. మీ పెట్టెలో దీన్ని పరీక్షించవచ్చు. దూది రెండు రోజులు తీసేసి మళ్లీ పెట్టండి. మొదటి చీమ కడుపు నింపుకుని లోపలికి వెళ్లిన కాసేపటికి మేత అరలోకి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి.

మరో సంగతి అట్ట మీద ఎవరూ రాయరు. ప్రమాదమైన పని ముసలివాళ్లది. కొత్తగా పుట్టినవి పిల్లల గదిలోనే ఉంటాయి, వయసు పెరిగేకొద్దీ గుమ్మం వైపు జరుగుతాయి, మేతకు బయటికెళ్లేది చివరి దశలో. మేత అరలో తిరిగేవి కాలో మీసమో పోయి కనబడితే అందుకే. చచ్చినదాన్ని మోసుకెళ్లి గూటికి దూరంగా ఒకే మూలలో పడేస్తాయి. ఇది సంతాపం కాదు, రసాయనం. చీమల శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ బృందం 1958లో చచ్చిన చీమలో పుట్టే ఒలేయిక్ ఆమ్లాన్ని బతికున్న చీమకు పూస్తే, కాళ్లు కొట్టుకుంటున్నా దాన్ని చెత్తకుప్పకు మోసుకెళ్లాయి. ఆ కుప్పను నెలకోసారి దూదిపుల్లతో తీసేయండి. కుప్ప ఒక్కసారిగా పెరిగితే వెంటనే మేత, మందుల వాసన, తడి ఈ మూడూ చూసుకోండి.

ఎవరు కొనకూడదో కూడా చెప్పాలి. ఆరేళ్లలోపు పిల్లలకు ఇది బొమ్మ కాదు, నెలల తరబడి ఏమీ జరగని పెట్టె. తల్లిదండ్రుల్లో ఒకరికైనా ఇష్టం లేకపోతే వద్దు, ఎందుకంటే ఇది పదేళ్ల పైచిలుకు బంధం కావచ్చు. ల్యాసియస్ నైగర్ అనే యూరప్ చీమ రాణి ఒకటి పెంపకంలో దాదాపు 29 ఏళ్లు బతికింది.

చీమలతో సహా అమ్ముతామనే ప్రకటన కనబడితే రాణి ఉందా, ఏ ఊరి జాతి అని అడగండి. జవాబు లేకపోతే వదిలేయండి. విదేశీ రాణుల జోలికి అసలే పోకండి. 2025లో కెన్యాలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు దాదాపు 5,000 రాణిచీమలను టెస్ట్ ట్యూబుల్లో దాచి దొరికిపోయారు, కోర్టు 10 లక్షల షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు అంది. ఆ ట్యూబులు చేరేది యూరప్, ఆసియాల్లో ఇలాంటి పెట్టెలు కొనేవాళ్ల ఇళ్లకే.

ఖర్చు పెట్టే వరుస ఇలా ఉంటే డబ్బు వృథా కాదు. మొదటి వానలకు ముందు టెస్ట్ ట్యూబులు, దూది, పదింతల లెన్సు తెచ్చి పెట్టుకోండి, అంతా కలిపి జెల్ పెట్టె ఖరీదు కూడా కాదు. రాణి దొరికి, మొదటి విడత పిల్లలు బతికాకే పీఓపీ అడుగున్న చిన్న గూడు, నాలుగైదు గదులది, ఆర్డరు పెట్టండి. పెద్ద గూడు తగ్గింపు ధరకు వస్తోందని తీసుకోవద్దు. పెంచలేమనిపిస్తే రాణి దొరికిన చోటికి దగ్గర్లోనే, వాన పడి నేల మెత్తబడ్డ సాయంత్రం, నీడలో ట్యూబు మూత తీసి వదిలేయండి. ఎండాకాలం మాత్రం ఆ పని చేయకండి, నేల గట్టిగా ఉంటే తవ్వుకోలేవు.